అమ్మ విన్న గొంతు

మొన్న నర్సీపట్నం కూరగాయల బజారులో వంకాయలు ఏరుకుంటుంటే ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసింది. ఎగాదిగా చూసి, ఇంకాస్త దగ్గరికొచ్చి, "మీరు సీరియల్లో పెద్దమ్మగారు కదండీ? కోడల్ని ఇంట్లోంచి తరిమేసింది మీరే కదూ?" అంది. నాలుగేళ్లపాటు సాయంత్రం ఏడు గంటలకి ఊళ్లో సగం ఇళ్లలోకి వెళ్లిన మొహం నాది. కాదంటే ఎలా కుదురుతుంది? "అవునమ్మా, నానే. ఈ వంకాయలు పుచ్చులున్నట్టున్నాయి, సూసి తీసుకో" అన్నాను. ఆవిడ చెయ్యి తీసేసింది. పక్కనున్న ఆడపడుచుతో, "కాదే, ఆవిడ గొంతు ఇలగుండదు. ఈవిడెవులో మన్లాటి మనిసే" అని చెప్పి ఉల్లిపాయల కొట్టు వైపు వెళ్లిపోయింది.

కోపం రాలేదంటే అబద్ధం. ఒళ్లు మండింది. ఏరిన వంకాయలు అక్కడే పడేసి ఇంటికొచ్చేశాను. దారిలో నడుస్తూ ఆలోచిస్తే ఆవిడ తప్పేముంది అనిపించింది. ఆ మొహం నాది, ఆ పట్టుచీరలో నిలబడ్డ మనిషిని నేనే. ఆ గొంతు మాత్రం నాది కాదు. హైదరాబాదులో ఒక చిన్న గదిలో కూర్చుని, తెర మీద నా పెదాలు కదులుతుంటే వాటికి సరిపడా మాట్లాడే ఇంకొకామెది. టీవీ సీరియళ్లలో ఇది మామూలే. నటించేది ఒకరు, మాట చెప్పేది మరొకరు. బజారులో కూరలు కొనుక్కునేవాళ్లకి ఆ సంగతి తెలియాల్సిన అవసరం లేదు.

అమ్మ బతికుంటే ఈ ముచ్చట చెప్పుకుని ఇద్దరం నవ్వుకునేవాళ్లం అని రాయాలని ఉంది. నవ్వుకునేవాళ్లం కాదు. గొంతు సంగతి మా ఇంట్లో నవ్వుకునే సంగతి కాకుండా పోయింది. అలా పోవడానికి కారణం నేనే.

మా అమ్మ ఆడపిల్లల బళ్లో అటెండరు. గంట కొట్టడం, రిజిస్టర్లు మొయ్యడం, పరీక్షలప్పుడు పిల్లలకి మంచినీళ్లు అందించడం ఆవిడ పని. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. వారమంతా అలా అందరి కిందా పనిచేసిన మనిషి ఆదివారం చర్చికి వెళితే మాత్రం వేరే మనిషి అయిపోయేది. అక్కడ ఆవిడ సండే స్కూల్ టీచరు. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ నాటకానికి దర్శకురాలు. పాస్టరుగారు కూడా ఆ నెల రోజులూ ఆవిడ చెప్పినచోట నిలబడాల్సిందే.

మైకు అంటే అమ్మకి చిరాకు. "మైకు నోటికాడ ఎట్టుకుని మాటాడితే ఎవుడైనా యాక్టరే" అనేది. నాకు మొదట గొర్రె వేషం ఇచ్చింది. రెండేళ్ల తర్వాత దేవదూతని చేసింది. నేను ముందు నిలబడి మాట చెబుతుంటే తను వెళ్లి ఆఖరి బల్ల మీద కూర్చునేది. "ఇక్కడ సెవిటి ముసలమ్మ కూకున్నాది. ఆవిడికి వినబడాల. మళ్లీ సెప్పు." మళ్లీ చెప్పేదాన్ని. "మాట సివర తినేస్తన్నావు. ఇంటికాడ కూడు లేదేటి?" పిల్లలందరూ నవ్వేవాళ్లు. నాకు ఏడుపొచ్చేది. ఏడుస్తూ చెబితే, "ఇప్పుడు బాగా వినబడింది, ఏడుపు ఆపి అలగే సెప్పు" అనేది.

అమ్మ నోట 'బాగుంది' అన్న మాట వినడానికి నేను పడ్డ పాట్లు ఇంతా అంతా కాదు. ఆవిడ దగ్గర పెద్ద మెప్పు అంటే 'పరవాలేదు'. కూర బాగుంటే బాగుంది అంటుంది, పక్కింటివాళ్ల చీర బాగుంటే బాగుంది అంటుంది, నాటకం దగ్గరకొచ్చేసరికి ఆ మాట ఆవిడకి నోరు తిరగదు. నటన విషయంలో అబద్ధం చెప్పడం పాపం అన్నంత పట్టింపు.

డిగ్రీ చదువుతుండగా రావికమతం నుంచి ఒక మాస్టారు మా ఇంటికొచ్చారు. బళ్లో లెక్కలు చెప్పేవారు, సొంతంగా నాటక సమాజం నడిపేవారు. ఆ రోజుల్లో మా వైపు ఏ సమాజానికైనా ఆడవేషాలు పెద్ద తలనొప్పి. ఊళ్లో ఆడపిల్లలు రారు. విశాఖపట్నం నుంచో కాకినాడ నుంచో నటీమణుల్ని మాట్లాడుకునేవాళ్లు. వాళ్లు ప్రదర్శన రోజు మధ్యాహ్నం బస్సు దిగి, ఒక్కసారి మాటలు అనుకుని, సాయంత్రం వేషం కట్టి, అయిపోగానే ఇంకో ఊరు వెళ్లిపోయేవాళ్లు. చర్చి నాటకంలో నన్ను చూసిన ఎవరో మాస్టారికి చెప్పారట, ఇక్కడే ఒక పిల్ల ఉంది, గొంతు బాగుంటుంది అని. ఆయన ముఖం చూస్తే కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ.

ఒప్పుకోవడానికి అమ్మకి అర నిమిషం పట్టింది. చర్చి పెద్దలకి నాలుగు నెలలు పట్టింది. "సర్చి గుంట బొట్టెట్టుకుని స్టేజీ ఎక్కుతాదేటమ్మా?" అని ఒక పెద్దాయన ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గరే నిలదీశాడు. అమ్మ ఆయన కంటే ఒక మెట్టు కింద నిలబడి ఉంది. "మొన్న డిసెంబర్లో మీవోడు దుర్మార్గపు రాజు వేసమేసేడు కదండీ. ఇంటికెళ్లి ఎవుర్నైనా సంపేడేటి?" అంది. నాటకం అయిపోయాక బొట్టు కొబ్బరినూనెతో తుడిచేస్తే పోతుందని కూడా ఆవిడే అందరికీ సర్దిచెప్పింది.

అలా మొదలై ఇరవై రెండేళ్లు ఆడాను. నాతవరం, యలమంచిలి, అటు విజయనగరం, ఇటు రాజమండ్రి, పోటీలు ఎక్కడ పెడితే అక్కడికి వెళ్లాం. ఇరవై నాలుగేళ్లకే యాభై ఏళ్ల తల్లిని వేశాను, నలభై ఏళ్లకి కొత్త పెళ్లికూతుర్ని వేశాను. స్టేజీ మీద ఇద్దరు ముగ్గురు మొగుళ్లు పోయారు, నిజం పెళ్లి మాత్రం కాలేదు. వచ్చిన రెండు సంబంధాలూ నాటకాలు మానేస్తే చేసుకుంటామన్నాయి. మానలేదు. ఆ విషయంలో నాకు ఏ బాధా లేదు, ఇది చదివి ఎవరూ జాలిపడక్కర్లేదు.

కాగితాలు చేతికొచ్చిన నాలుగు రోజుల్లో నాటకం మొత్తం నాకు నోటికి వచ్చేసేది. నా మాటలే కాదు, అందరి మాటలూ. యలమంచిలి పోటీల్లో నా భర్త వేషం వేసినాయన మధ్యలో మాట మరిచిపోయి బిక్కమొహం వేశాడు. ఆయన చెప్పాల్సింది నేనే ప్రశ్నలా మార్చి అడిగేసి, జవాబు కూడా నేనే చెప్పేసి, కథని ముందుకు లాక్కుపోయాను. ఆ రోజు ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు. అమ్మ ఎప్పట్లాగే ఆఖరి వరసలో కూర్చుని ఉంది. షీల్డు చేతిలో పెట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. "పరవాలేదు. రెండో సీన్లో ఆకరి మాట తినేసేవు" అంది. మర్నాడు పొద్దున షేర్ ఆటోలో ఇంటికొస్తున్నంతసేపూ ఆ ఆఖరి మాటనే లోపల అనుకుంటూ కూర్చున్నాను.

తర్వాత తర్వాత నాటకాలు తగ్గిపోయాయి. మాస్టారు పోయారు. సమాజం పేరు మిగిలింది, మనుషులు మిగల్లేదు. అదే సమయంలో అమ్మ కళ్లు కూడా తగ్గుతూ వచ్చాయి. షుగరు ఆవిడకి ఎప్పటినుంచో ఉంది. మొదట సూదిలో దారం ఎక్కించలేకపోయింది, తర్వాత చర్చిలో పాటల పుస్తకం చదవలేకపోయింది, ఆ తర్వాత ఎదురొచ్చిన మనిషిని మాట్లాడితే తప్ప పోల్చలేకపోయింది. విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకి చూపించాను. చెయ్యాల్సినవి చేశారు. చివరికి వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియదని చెప్పేశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఏడుస్తుంటే ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. "కళ్లు పోతే ఏటే? సెవులున్నాయి కదా. నిన్ను నాను ఎప్పుడూ సెవుల్తోనే సూసేను" అంది.

అంతకుముందెప్పుడో పోటీలకి న్యాయనిర్ణేతగా వచ్చి నన్ను చూసిన సీరియల్ దర్శకుడు ఒకాయన నన్ను హైదరాబాదు రమ్మన్నాడు. ఆ కబురు విని అమ్మ సంబరం చూడాలి. ఊళ్లో చెప్పనివాళ్లు లేరు. "నీ గొంతు టీవీలో ఒక్కసారి వింటే సాలే నాకు. ఆ తర్వాత దేవుడు ఎప్పుడు పిల్సినా ఎల్పోతాను" అంది. ఆ మాట నేను నవ్వుతూ విన్నాను. అంత చిన్న కోరిక తీర్చలేనని అప్పుడు నాకేం తెలుసు?

హైదరాబాదు ఆఫీసులో దర్శకుడు నా ముందు రెండు వేషాలు పెట్టాడు. ఒకటి పెద్దింట్లో పనిమనిషి. మన వైపునుంచి వచ్చిన మనిషి, మన యాసలో మాట్లాడుతుంది, మాట్లాడినప్పుడల్లా జనం నవ్వాలి. దానికి నా గొంతే ఉంటుంది. రెండోది ఆ ఇంటి యజమానురాలు. పట్టుచీరలు, నగలు, నలుగురిని గడగడలాడించే అత్తగారు. దానికి డబ్బింగు చెప్పిస్తారు. "మీ గొంతు బాగుంటుందండీ, కానీ యాస దొరికిపోతుంది" అన్నాడు. స్టేజీ మీద నేను యాస లేకుండా మాట్లాడతానని పౌరుషంగా చెప్పాను. ఒక పేజీ ఇచ్చి చదవమన్నాడు. చదివాను. ఆయన మర్యాదస్థుడు, నవ్వు ఆపుకున్నాడు. "అక్కడక్కడా ఆ సాగదీత ఉందండీ" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్లు నా మాటకి ఏడ్చిన జనాన్ని చూశాను నేను. ఇప్పుడు అదే మాట మీద నవ్వుతారట. ఉత్తరాంధ్ర మనిషి నోరు తెరిస్తే పగలబడి నవ్వాలని ఎవరు రాసిపెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నా మాట మీద ఎవర్నీ నవ్వనివ్వను అనుకున్నాను. పట్టుచీర వేషం ఒప్పుకున్నాను. అది ఆత్మగౌరవం అనుకున్నాను కూడా. నా మాట మీద నవ్వనివ్వకూడదని, నా మాటే లేకుండా చేసుకున్నానని ఆ రోజు తట్టలేదు. ఆ గదిలో కూర్చున్న గంటసేపూ నాకు నా పరువు గుర్తుంది, అమ్మ గుర్తుకు రాలేదు. ఇది రాయడానికే ఇంతసేపూ రాస్తూ వచ్చాను.

నెలలో పన్నెండు రోజులు షూటింగు. యలమంచిలి స్టేషన్లో రైలెక్కి వెళ్లేదాన్ని, మిగతా రోజులు ఇంట్లోనే. నేను లేనప్పుడు పక్కింటి పిన్ని అమ్మని చూసుకునేది. సొంత పిన్ని కాదు, చర్చి వరస. సెట్లో మొదటి రోజు నేను రేపటి మాటలు ఇవ్వండి, రాత్రి నేర్చుకుంటాను అని అడిగితే అందరూ విచిత్రంగా చూశారు. "రేపటిది ఇంకా రాయలేదు మేడం" అన్నాడు ఒకతను. అక్కడ ఎవరూ మాటలు నేర్చుకోరు. కెమెరా పక్కన ఒక అసిస్టెంటు కాగితం పట్టుకుని నిలబడతాడు. ఒక్కో వాక్యం పైకి చదువుతాడు, మనం కోపంగానో దుఃఖంగానో ఆ వాక్యం తిరిగి అనాలి. గొంతు ఎత్తక్కర్లేదు, పెదాలు సరిగ్గా కదిలితే చాలు. తర్వాతి షాటు వచ్చేసరికి ముందటిది మన దగ్గర ఉండదు. రెండు వారాలు ఇదేం పద్ధతి అని గింజుకున్నాను. మూడో వారానికి హాయిగా అలవాటైపోయింది.

మొదటి ఎపిసోడ్ వచ్చే రోజుకి నేను ఇంట్లోనే ఉన్నాను. డబ్బింగు సంగతి అమ్మకి ఎలా చెప్పాలా అని వారం నుంచీ వాయిదా వేస్తున్నాను. ఆ సాయంత్రం ఆవిడ ఈస్టరుకి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. తల దువ్వించుకుంది. వినడానికి ఎందుకమ్మా ఇంత తయారు అని పిన్ని నవ్వితే, "నోరు ముయ్యే, బేగి టీవీ పెట్టు" అని కసిరింది. నేను వెనకాల నిలబడ్డాను. తెర మీద మెట్లు దిగి వచ్చి నేను మాట్లాడటం మొదలుపెట్టాను. నిండుగా, నున్నగా, ఒక్క మడత లేకుండా ఉంది ఆ గొంతు. అమ్మ తల పక్కకి వంచింది.

"ఎవులే ఆ మాటాడింది?"

పిన్ని నా వైపు చూసింది. "నానేనమ్మా" అన్నాను.

"నీ గొంతులా లేదే."

"మిసన్లో అలగ మారస్తారమ్మా. యాస కూడా మార్సుకోమన్నారు. నేర్సుకున్నాను."

అమ్మ మళ్లీ టీవీ వైపు చెవి పెట్టింది. ఆవిడకి నేను అంతవరకూ అబద్ధం చెప్పలేదు. అందుకని నమ్మింది. "సేనా కష్టపడ్డావే" అంది.

ఆ తెల్లచీర చూసి నిజం చెప్పలేకపోయాను. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు అమ్మ, "నిన్న ఆ కోడలితో మాటాడినప్పుడు ఊపిరి బాగా పట్టి ఆపేవు" అంది. నా జీవితంలో అమ్మ నా ఊపిరిని మెచ్చుకోలేదు. ఇంకో రోజు, "మాట సివర ఎంత సుబ్బరంగా ఒదుల్తన్నావే ఇప్పుడు" అంది. ఆ మెచ్చుకోలు నాది కాదని తెలిసి కూడా తీసుకున్నాను. సిగ్గు లేకుండా తీసుకున్నాను. ఎండిన నేల మీద నీళ్లు పోసినట్టుండేది నాకు. ఇవాళ చెబుదామన్నది ఎల్లుండికి జరిగింది, ఎల్లుండి నెలకి జరిగింది. పిన్నికి ఏమీ చెప్పొద్దని చెప్పాను. ఆవిడ మంచిది కనుక ఊరుకుంది.

అమ్మ రోజూ ప్రార్థనలో నా గొంతు కోసం అడగడం మొదలుపెట్టింది. "తండ్రీ, నా బిడ్డ గొంతు కాపాడు. సలిగాలి తగలనీకు" అని పైకే అడిగేది. నేను ఇంట్లో ఉంటే ఎదురుగా కూర్చుని ఆమెన్ అనేదాన్ని. పిన్ని చేత వేడిపాలలో మిరియాల పొడి కలిపించి, పడుకోబోయేముందు గ్లాసు నా చేతికి ఇచ్చేది. తాగేదాన్ని.

రెండో ఏడు కోర్టు సీను వచ్చింది. కథలో నా కొడుకు తప్పు చేస్తాడు, నేనే సాక్షిగా నిలబడి వాడికి వ్యతిరేకంగా చెప్పాలి. అది ప్రసారమైన రోజు నేను హైదరాబాదులో ఉన్నాను. ఎపిసోడ్ అయిపోగానే పిన్ని ఫోన్ కలిపి అమ్మకి ఇచ్చింది. టీవీ కట్టెయ్యమని పిన్నికి చెప్పడం వినబడింది. తర్వాత, "బాగుందే" అంది అమ్మ. "సేనా బాగుంది. ఇన్నాళ్లకి ఆకరి బల్లకి వినబడ్డావు." ఫోన్ పెట్టేశాక ఆ అద్దెగదిలో మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడ్చానంటే సంతోషం అని ఎవరికైనా చెప్పుకోవచ్చు. సంతోషం కాదు. నలభై ఏళ్లు నేను ఎదురుచూసిన మాట ఇంకొకరి ఇంటికి వెళ్లాల్సిన ఉత్తరంలా నా చేతిలో పడింది.

ఆ వారమే డబ్బింగు స్టూడియోకి వెళ్లి ఆమెని చూశాను. బక్కగా, కళ్లజోడు పెట్టుకుని, ఏసీ చలికి స్వెటరు వేసుకుని ఉంది. పొద్దుటినుంచీ ఎనిమిదిమంది ఆడవాళ్లకి మాటలు చెబుతోందట. నన్ను చూసి లేచి నిలబడింది. "మీ పెదాలు చాలా స్పష్టంగా కదుల్తాయండీ, మీకు చెప్పడం నాకు ఈజీ" అంది. కోర్టు సీను మా అమ్మకి చాలా నచ్చిందని చెప్పాను. ఆమె మొహం విప్పారింది. "అమ్మగారు నా గొంతు మెచ్చుకున్నారా?" అని అడిగింది. అవునని తలూపాను. ఆమెని ద్వేషిద్దామనే వెళ్లాను, చేతకాలేదు.

నాలుగో ఏడు చివర కథలో నన్ను చంపేశారు. రేటింగులు పడిపోయాయని, పెద్దావిడ పోతే కొన్నాళ్లు జనం చూస్తారని అనుకున్నారు. మేడ మెట్ల మీద నుంచి పడి చనిపోవాలి. పడేటప్పుడు 'అమ్మా' అని అరవాలి. దానికి కాగితం చూసి ఎవరూ ప్రాంప్టింగు చెప్పలేదు. నాలుగేళ్లలో నేను సొంతంగా అన్న మాట అదొక్కటే. ఆ వారం హడావుడిలో అరుపుకి డబ్బింగు చెప్పించే తీరిక లేక సెట్లో రికార్డయిన నా అరుపునే ఉంచేశారు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమని వాళ్లకి అనిపించి ఉండదు.

ఆ ఎపిసోడ్ నాటికి నేను పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాను. అమ్మ కుర్చీలో, పిన్ని కింద చాప మీద, నేను వంటింటి గుమ్మంలో ఉన్నాం. తెర మీద కాలు జారింది. "అమ్మా!" అని అరుపు. నా గొంతు. సాగదీతతో సహా.

"ఏటమ్మా! వస్తన్నాను!" అని అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. రెండు చేతులూ ముందుకి చాచి, టీవీ వైపు కాదు, వీధి గుమ్మం వైపు, నేను వీధిలో ఎక్కడో పడిపోయానన్నట్టు పరుగెత్తబోయింది. పిన్నిని తట్టుకుని పడబోతుంటే నేను వచ్చి పట్టుకున్నాను. "నానిక్కడే ఉన్నానమ్మా" అన్నాను. రెండు చేతుల్తో నా మొహం తడిమింది. నుదురు, ముక్కు, గడ్డం.

"నువ్వు అరిసేవు."

"టీవీలోనమ్మా."

అమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది. టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. పిన్ని లేచి కట్టేసింది.

"ఇది నీ గొంతు" అంది అమ్మ. "ఇన్నాళ్లూ మాటాడింది ఎవులే మరి?"

చెప్పాను. ఇంక దాచడానికి ఏముంది? రెండు వేషాల సంగతి, నేను కోరుకున్న వేషం సంగతి, కళ్లజోడు పెట్టుకున్న ఆమె సంగతి అంతా చెప్పాను. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండును. "ఎవుల గొంతు కోసమే నాను రోజూ ప్రార్దన సేసేను?" అని మాత్రం అడిగింది. తర్వాత మూడు రోజులు అన్నం తింది, మాత్రలు వేసుకుంది, పిన్నితో మాట్లాడింది. నాతో మాట్లాడలేదు. రాత్రి ప్రార్థనలో గొంతు మాట ఎత్తలేదు. మిరియాల పాలు అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

నాకు ఆ తర్వాత వేషాలు రాలేదు. అమ్మ ఆ ఏడు వానాకాలంలోనే పోయింది. చర్చి వెనక సమాధుల్లో పెట్టాం. అందరికీ తెలిసినవి ఇవి. అమ్మ నాతో మాట్లాడని ఆ మూడు రోజులూ గడిచాక, నాలుగో రోజు పొద్దున మా ఇద్దరి మధ్య జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దున అమ్మ అరుగు మీద ఎండలో కూర్చుని నన్ను పిలిచింది. "రా, ఇలగొచ్చి కూకో. ఆ కోర్టు సీను నువ్వు సెప్పు. నీ గొంతుతో నాను వినాల."

ఆవిడ ఎదురుగా కూర్చుని నోరు తెరిచాను. ఒక్క మాట కూడా రాలేదు. మొదటి వాక్యం గుర్తు లేదు, ఆఖరిది గుర్తు లేదు. ఆ రోజు ఏ రంగు చీర కట్టారో గుర్తుంది, లైటు వేడి గుర్తుంది, మాటలు లేవు. ఇరవై ఏళ్ల కిందటి నాటకాలు ఇప్పుడు లేపి అడిగినా అప్పజెబుతాను. నాలుగేళ్ల సీరియల్లో ఒక్క వాక్యం నా దగ్గర మిగల్లేదు. నా నోటి మీదుగా వెళ్లాయంతే. అమ్మ ఎదురుచూసింది.

"గుర్తు లేదమ్మా" అన్నాను.

"ఒక్క ముక్కైనా?"

"ఒక్క ముక్కా లేదు."

అమ్మ మొహంలో అప్పుడు కనిపించింది కోపం కాదు. నా మీద జాలి. అది చూడలేక తల దించుకున్నాను. కాసేపటికి ఆవిడే మొదలుపెట్టింది. "నా కొడుకే. కాదన్ను. కానీ ఆడు సేసింది సూసిన కళ్లు నావి. సూళ్లేదని నా నోటితో సెప్పించకండి." సీను మొత్తం ఆవిడకి వచ్చు. ప్లీడరు అడిగేవి, జడ్జీ అనేవి, అన్నీ వచ్చు. ఆదివారాలు మళ్లీ వేసినప్పుడల్లా విని విని నేర్చుకుంది. "నాను ఒకో ముక్కా అంటాను, నువ్వు అను" అంది.

ఆవిడ చెబుతుంటే వెనకాల నేను అన్నాను. పుస్తకం మాటలో అనాలో మా మాటలో అనాలో తెలియలేదు, సగం సగం వచ్చింది. గొంతు పైకి లేవలేదు. నాలుగేళ్లుగా పెదాల కోసమే మాట్లాడిన దాన్ని, ఎక్కడినుంచి లేస్తుంది? ఊపిరి ఎక్కడ ఆపాలో అక్కడ ఆపలేకపోయాను. ఒకచోట గొంతు బొంగురుపోయింది. అమ్మ ఆపలేదు, మళ్లీ చెప్పమనలేదు. చివరి వాక్యం దాకా ఓపిగ్గా తీసుకెళ్లింది.

అయిపోయాక చెయ్యి చాచి నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నీ గొంతేనే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత చాలా మెల్లగా, నాకు నొప్పి కలగకూడదన్నట్టు చెప్పింది.

"కానీ ఆ అమ్మే బాగా సెప్పింది."

"అవునమ్మా" అన్నాను.